సంపంగి చెరువు మీద నీలం చొక్కాలు

బెంగళూరు చూడ్డానికి ఊరి నుంచి ఎవరొచ్చినా లాల్‌బాగు, విధానసౌధ, ఇస్కాన్ గుడి అని ముందే లెక్క రాసుకుని వస్తారు. అవన్నీ చూపిస్తాను, కాదనను. కానీ ఒక పూట మాత్రం కంఠీరవ స్టేడియానికి తీసుకుపోతాను. ఆ రోజు ఆట ఉంటే సరే, లేకపోయినా గేటు బయట నిలబెట్టి కథ చెప్తాను. మా వదినైతే "ఇంత దూరం రప్పించి ఉత్త మైదానం చూపిస్తివి కదయ్యా" అని ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

ఆ మైదానం ఉన్న చోట ఒకప్పుడు సంపంగి చెరువు ఉండేది. పాత పేట ఒక పక్క, దండు ఒక పక్క, నడుమ చెరువు. ఊరికి పైపు నీళ్లొచ్చాక చెరువు అక్కర తీరిపోయింది. ఎండిపోయింది అంటారు, ఎండబెట్టారు అనాలి. ఇప్పుడు ఒక మూల చిన్న గుంట మాత్రం మిగిలింది. కరగ పండగప్పుడు ఆ గుంట దగ్గర పూజ చేయడం మాత్రం మానలేదు. స్టేడియానికి పెట్టింది మైసూరు రాజు కంఠీరవ నరసరాజ ఒడెయరు పేరు. 2021లో పునీత్ రాజ్‌కుమార్ పోయినప్పుడు ఇక్కడే ఉంచారు, చివరి చూపు కోసం ఊరు ఊరంతా ఇటే నడిచింది. ఈ ఊరికి నవ్వొచ్చినా ఏడుపొచ్చినా కంఠీరవకే వస్తుంది.

నేను వచ్చేది ఫుట్‌బాల్ కోసం. 2013లో బెంగళూరు ఎఫ్‌సీ పుట్టినప్పటి నుంచి. అప్పుడు ఆటలు కంఠీరవలో కాదు, అశోక్‌నగర్‌లో ఉన్న పాత ఫుట్‌బాల్ స్టేడియంలో జరిగేవి. మొదటి ఆట సెప్టెంబరులో మోహన్ బగాన్ మీద, 1-1. గోలు కొట్టింది షాన్ రూనీ అనే ఆస్ట్రేలియా కుర్రాడు. ఉక్కు కంపెనీ జేఎస్‌డబ్ల్యూ వాళ్ల జట్టు అది. బళ్లారి దగ్గర తోరణగల్లులో వాళ్ల ఫ్యాక్టరీ ఉంది, మనవాళ్లు ఎంతోమంది అక్కడ పని చేస్తున్నారు, చదివేవాళ్లలో కొందరికి బాగా తెలిసే ఉంటుంది. డబ్బున్న కంపెనీ సరదాకి పెట్టుకున్న బొమ్మ, రెండేళ్లకి మూసేస్తారు అని మా ఫ్యాక్టరీలో అందరూ అన్నారు. మొదటి ఏడాదే ఐ-లీగ్ గెలిచేశారు. 2014 ఏప్రిల్‌లో గోవా పోయి, దేశంలో అంత పేరున్న డెంపో జట్టుని వాళ్ల ఊళ్లోనే 4-2తో కొట్టి కప్పు ఖాయం చేసుకున్నారు. నోళ్లు మూతపడ్డాయి.

కప్పు సంగతి పక్కన పెడితే, నన్ను కట్టిపడేసింది కూర్చునే జనం. పడమటి గ్యాలరీలో నీలం చొక్కాలు వేసుకుని, డప్పులు పెట్టుకుని, తొంభై నిమిషాలూ నిలబడే గుంపు ఒకటి ఉంది. వెస్ట్ బ్లాక్ బ్లూస్ అని పేరు పెట్టుకున్నారు. ఐటీ పిల్లలు, కాలేజీ పిల్లలు, ఆటో నడిపేవాళ్లు, మా మాదిరి గార్మెంట్ ఫ్యాక్టరీ మెకానిక్కులు, పెళ్లాం బిడ్డలతో వచ్చేవాళ్లు. ఒక వరుసలో కన్నడం, వెనక వరుసలో మలయాళం, పక్కన హిందీ, నేనూ మా మేనల్లుడూ తెలుగు. తిట్లు మాత్రం అందరివీ అన్ని భాషల్లోనూ. ఈ ఊళ్లో భాష పేరు మీద గొడవలు జరిగిన రోజులు చూసినవాణ్ణి నేను. ఆ గ్యాలరీలో మటుకు నీది ఏ ఊరు అని నన్ను ఎవరూ అడగలేదు.

ఒక్క రాత్రి చెప్పమంటే 2016 అక్టోబరు 19 చెప్తాను. బుధవారం. ఏఎఫ్‌సీ కప్ సెమీఫైనల్. వచ్చింది మలేసియా జట్టు జోహోర్, అంతకు ముందు ఏడాది ఆ కప్పు గెలిచినవాళ్లు. వాళ్ల ఊళ్లో 1-1 చేసుకుని వచ్చాం. ఇక్కడ మొదలెట్టీ పెట్టకముందే వాళ్లే గోలు కొట్టారు. గ్యాలరీ చల్లబడింది. అప్పుడు ఛెత్రి ఒకటి కొట్టాడు. రెండో సగంలో పెట్టె బయట నుంచి ఇంకొకటి కొట్టాడు. ఆ బంతి వంకర తిరుగుతూ పోవడం నా కళ్ల ముందు ఇప్పటికీ కదులుతుంది. ఆ తర్వాత స్పెయిన్ డిఫెండర్ హువానన్ తలతో మూడోది. 3-1. ఒక భారతీయ జట్టు ఆ కప్పు ఫైనల్‌కి పోవడం అదే మొదటిసారి. బయటికొచ్చి కస్తూర్బా రోడ్డు మీద ముక్కూ మొహం తెలియని వాళ్లని కౌగిలించుకున్నాను. మరుసటి రోజు పొద్దున షిఫ్టుకి గొంతు రాలేదు. సూపర్‌వైజరు జలుబు అనుకుని మాత్ర ఇచ్చాడు, మింగాను.

ఫైనల్ దోహాలో. ఇరాక్ వైమానిక దళం జట్టు చేతిలో 1-0తో పోయింది. బాధ పడలేదా అంటే పడ్డాను. అయినా యుద్ధాల నడుమ బతికిన దేశం జట్టు అది, సొంత ఊళ్లో ఆటలు కూడా ఆడుకోలేని రోజులు వాళ్లవి. వాళ్ల మీద కోపం రాలేదు.

ఇక సునీల్ ఛెత్రి సంగతి. మనవాళ్లలో చాలామందికి తెలీదు, ఆయన పుట్టింది సికింద్రాబాద్‌లో, 1984లో. తండ్రి సైన్యంలో ఈఎంఈలో పని చేశాడు. నేపాలీ మూలాలు, సైన్యం క్వార్టర్స్‌లో పెరిగిన పిల్లాడు, కాబట్టి మనవాడు అని జబ్బలు చరుచుకోవడం సరి కాదు. అయినా మా మేనల్లుడు "మన సికింద్రాబాదోడు మామా" అంటాడు, నేను వద్దనను. దేశం తరఫున 95 గోల్స్. 2018లో ముంబయిలో ఇండియా ఆట చూడ్డానికి రెండున్నర వేల మంది వచ్చారు. అప్పుడు ఈయన వీడియో పెట్టి, మమ్మల్ని తిట్టడానికైనా రండి, స్టేడియానికి వచ్చి తిట్టండి అన్నట్టు బతిమాలుకున్నాడు. అంత పెద్ద ఆటగాడు జనాన్ని అలా అడుక్కోవడం చూసి నాకు సిగ్గేసింది. మన ఇళ్లల్లో క్రికెట్ ఉంటే టీవీ ముందు నుంచి లేవరు కదా.

2024 జూన్‌లో దేశం జట్టు నుంచి తప్పుకున్నాడు. మళ్లీ రమ్మంటే మరుసటి ఏడాది మార్చిలో వచ్చాడు, కొన్ని నెలలాడి మళ్లీ తప్పుకున్నాడు. నన్నడిగితే ఆ తిరిగి రావడం వద్దనేవాణ్ణి. నలభై ఏళ్లు దాటినవాణ్ణి పిలవాల్సి వచ్చిందంటే వెనకాల కుర్రాళ్లని తయారు చేయలేదనే కదా. క్లబ్బులో మాత్రం ఆ మనిషి ఆట వేరు. 2024 డిసెంబరులో కేరళ బ్లాస్టర్స్ మీద, కంఠీరవలోనే, నలభై ఏళ్ల వయసులో మూడు గోల్స్. 4-2. మా వెనక సీటులో ఒక పెద్దాయన "ఈ వయసులో నాకు బస్సు ఎక్కాలంటే ఆయాసం" అన్నాడు.

అదే కేరళ మీద 2023 మార్చిలో జరిగింది కూడా చెప్పాలి. ప్లేఆఫ్, ఎక్స్‌ట్రా టైం, ఫ్రీ కిక్. వాళ్లు గోడ కట్టుకోకముందే ఛెత్రి టక్కున గోల్లోకి తన్నేశాడు. రిఫరీ గోలు ఇచ్చాడు. కేరళ వాళ్లు కోపంతో మైదానం వదిలి వెళ్లిపోయారు. మేము గెలిచినట్టే అయింది, మా గ్యాలరీ ఎగిరింది. నాకెందుకో ఎగరాలనిపించలేదు. రూలు ప్రకారం తప్పు లేదని నాకూ తెలుసు. కానీ అవతలి జట్టు నడిచి వెళ్లిపోతుంటే గెలవడం, భోజనానికి పిలిచిన చుట్టం అలిగి విస్తరి ముందు నుంచి లేచిపోయినట్టుంది. ఈ మాట అంటే మా మేనల్లుడు ఇప్పటికీ నాతో పోట్లాడతాడు.

వెళ్లిపోయినవాళ్లలో నాకు గుర్తొచ్చేవాళ్లు గోల్స్ కొట్టినవాళ్లే కాదు. జాన్ జాన్సన్ అనే ఇంగ్లండు డిఫెండర్ మొదటి ఏడాది నుంచి 2018 దాకా ఉన్నాడు. మన ఎండకి మొహం టమాటా పండులా అయ్యేది, ఒక్క ఆటలోనూ కాలు వెనక్కి తీయలేదు. కెన్యా నుంచి వచ్చిన కర్టిస్ ఒసానో. వెనిజులా మికూ, రెండే ఏళ్లున్నాడు కానీ పదేళ్లకి సరిపడా గోల్స్ చూపించి పోయాడు. షిల్లాంగ్ యూజీన్‌సన్ లింగ్డో. మణిపూర్ ఉదాంత సింగ్ అయితే కుడి గీత మీద పరిగెత్తాడంటే రైలు దాటినట్టుండేది. 2023లో గోవాకి వెళ్లిపోయాడు. ఆ గోవా చొక్కాతో కంఠీరవకి వచ్చినప్పుడు తిట్టాలా చప్పట్లు కొట్టాలా అని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చప్పట్లే కొట్టాం. రాహుల్ భేకే 2019 ఫైనల్లో గోవా మీద ఎక్స్‌ట్రా టైం ఆఖర్లో తలతో కొట్టిన గోలే మాకు ఐఎస్‌ఎల్ కప్పు తెచ్చింది. అతనూ వెళ్లిపోయాడు, 2024లో మళ్లీ తిరిగొచ్చాడు. పోయిన కొడుకు ఇంటికొచ్చినట్టు అనిపించింది. గోల్‌కీపర్ గురుప్రీత్ 2017 నుంచి ఇక్కడే ఉన్నాడు, ఆరున్నర అడుగుల మనిషి, తిట్లు తినీ తినీ గోడలా నిలబడ్డాడు.

నాకున్న ఒకే కొరత ఏంటంటే ఆ పదకొండు మందిలో ఈ ఊరి వీధుల పిల్లలు తక్కువ. ఈ ఊళ్లో ఆటగాళ్లు లేకా? హలసూరు మెట్రోలో దిగి గౌతమ్‌పుర వైపు నడవండి. సందులు ఇరుకు, ఇళ్లు ఒకదాని మీద ఒకటి. అక్కడ అంబేడ్కర్, బుద్ధుడు, మదర్ థెరిసా విగ్రహాలతో పాటు బ్రెజిల్ పెలే విగ్రహం ఉంది. నిజంగా ఉంది, పోయి చూడండి. ఆ పేటలోని పిల్లలకి ఫుట్‌బాల్ అంటే అంత పిచ్చి. అక్కణ్ణుంచి ఆస్టిన్ టౌన్ దూరం కాదు. కార్ల్‌టన్ చాప్‌మన్ ఆ ఆస్టిన్ టౌన్ వాడే. 1993లో ఈస్ట్ బెంగాల్ చొక్కాతో ఇరాక్ జట్టు అల్ జవ్రా మీద మూడు గోల్స్ కొట్టాడు, ఆట 6-2. ఇండియాకి కెప్టెన్ అయ్యాడు. 2020 అక్టోబరులో, నలభై తొమ్మిదేళ్లకే, ఈ ఊళ్లోనే పోయాడు. కరోనా రోజులు, జనం ఎక్కువ కూడలేకపోయారు.

ఇంకా వెనక్కి పోతే 1948 లండన్ ఒలింపిక్స్. స్వతంత్రం వచ్చాక మొదటి ఒలింపిక్స్. మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఫ్రాన్సు మీద 2-1తో ఓడిపోయాం, రెండు పెనాల్టీలు పోగొట్టుకున్నాం. మనకొచ్చిన ఆ ఒక్క గోలు కొట్టింది బెంగళూరు సారంగపాణి రామన్. అదే జట్టులో బెంగళూరు అహ్మద్ ఖాన్ ఉన్నాడు, ధనరాజ్ ఉన్నాడు. వీళ్లిద్దరూ తర్వాత కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కి పోయి అప్పారావు, సలే, వెంకటేశ్‌లతో కలిసి ఆడితే, బెంగాలీలు ఆ ఐదుగురికీ పంచపాండవులని పేరు పెట్టారు. ఐదుగురూ దక్షిణాది వాళ్లే, అప్పారావు మన ఆంధ్ర మనిషే. ఇవాళ కలకత్తాలో ముసలివాళ్లకి వీళ్ల పేర్లు తెలుసు, మన పిల్లలకి తెలీదు.

ఇవన్నీ నాకు చెప్పింది మా నాయన. హిందూపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఒక మిల్లులో స్పిన్నింగ్ ఖాతాలో చేరాడు. నూలు దుమ్ము దగ్గుతూనే ఆదివారం ఫుట్‌బాల్‌కి పోయేవాడు. అప్పట్లో క్లబ్బులంటే ఫ్యాక్టరీలే. ఐటీఐ, హెచ్‌ఏఎల్, సీఐఎల్, మద్రాస్ సాపర్ల ఎమ్‌ఈజీ. పొద్దున బెంచీ మీద పని చేసినవాడే సాయంత్రం బంతి తన్నేవాడు, అందుకని చూసేవాళ్లకి వాళ్లు సాటి కార్మికులు. 1977లో దేశంలో మొట్టమొదటి ఫెడరేషన్ కప్పు ఎర్నాకుళంలో జరిగింది. ఫైనల్లో మోహన్ బగాన్‌ని 1-0తో కొట్టి ఆ కప్పు గెలిచింది మన టెలిఫోన్ ఫ్యాక్టరీ జట్టు ఐటీఐ. అదే ఏడాది కలకత్తాలో పెలే ఆడిన కాస్మోస్ జట్టుతో 2-2 చేసుకున్న మోహన్ బగాన్ అది! మా నాయన ఈ సంగతి ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. చెప్పేటప్పుడు తనే గోలు కొట్టినట్టు కాలు ఊపేవాడు.

ఐటీఐ ఫోన్లకి గిరాకీ పోయింది, జట్టు పేరూ పెద్ద పోటీల్లో వినబడ్డం మానేసింది. హెచ్‌ఏఎల్ జట్టు 2012లో ఐ-లీగ్ అడుగున మిగిలి కిందికి జారిపోయింది. బిన్నీ మిల్లు చోట మాలు, ఫ్లాట్లు లేచాయి. మల్లేశ్వరంలో రాజా మిల్లు ఉన్న చోట మంత్రి మాలు ఉంది, మెట్రో స్టేషనుకి కూడా ఆ మాలు పేరే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పోయిన ఏడాది, 2025 ఏప్రిల్ 12న, మా జట్టు కలకత్తాలో ఐఎస్‌ఎల్ ఫైనల్ ఆడింది. అంతకు ముందు సీజన్‌లో పన్నెండు జట్లలో పదో స్థానంలో పడి ఉన్నవాళ్లు ఒక్క ఏడాదిలో ఫైనల్ దాకా ఎక్కారు. ముంబయిని 5-0 కొట్టారు. గోవా మీద సెమీస్ రెండో ఆటలో ఛెత్రి ఆఖరి నిమిషాల్లో తలతో కొట్టి గట్టెక్కించాడు. ఫైనల్లో మోహన్ బగాన్ వాళ్ల డిఫెండరే తన గోల్లోకి బంతి వేసుకున్నాడు, మేము ముందుకి పోయాం. తర్వాత పెనాల్టీతో సమం, ఎక్స్‌ట్రా టైంలో మెక్‌లారెన్ గోలు, 2-1. సరే, ఓడిపోవడం ఆటలో ఉన్నదే, వచ్చే ఏడాది చూద్దాం అనుకున్నాం.

వచ్చే ఏడాదే రాకుండా పోయేట్టయింది. లీగ్ నడిపే కంపెనీకీ దేశ ఫుట్‌బాల్ సంఘానికీ ఉన్న పదిహేనేళ్ల ఒప్పందం డిసెంబరుతో అయిపోతుంది, కొత్త ఒప్పందం కుదరలేదు, జులైలో లీగ్‌ని పక్కన పెట్టారు. ఆగస్టు 4న బెంగళూరు ఎఫ్‌సీ ఒక ప్రకటన ఇచ్చింది. మొదటి జట్టు ఆటగాళ్లకీ సిబ్బందికీ జీతాలు నిరవధికంగా నిలుపుతున్నాం, పిల్లల జట్లూ శిక్షణా నడుస్తాయి అని.

మేనల్లుడు ఫోన్‌లో చూపించాడు. "నిరవధికంగా" అన్న మాట చదివి కాసేపు ఏం మాట్లాడలేకపోయాను. ఆ మాట మా ఇంట్లో ఒకసారి విన్నాం. మా నాయన మిల్లు గేటుకి నోటీసు అంటించిన రోజున. ఆయన గేటు దగ్గర నుంచి నడిచి ఇంటికొచ్చి, టిఫిను డబ్బా మూత కూడా తీయకుండా అమ్మకి ఇచ్చేశాడు. అమ్మ ఆ డబ్బా ఎప్పటిలా కడిగి బోర్లించింది, లోపలి అన్నం మేం పిల్లలం తిన్నాం. ఆ తర్వాత బాకీల కోసం ఎన్నేళ్లు తిరిగాడో. ఈ పత్రిక చదివే ఇళ్లలో, షోలాపూర్‌లో గానీ భివండీలో గానీ, ఆ తిరుగుడు తెలియనివాళ్లు తక్కువ.

ఛెత్రికీ గురుప్రీత్‌కీ పూట గడవదని నేను అనను. వాళ్ల సంగతి వేరు. చొక్కాలు ఉతికేవాడు, కాళ్లకి నూనె రాసేవాడు, బస్సు డ్రైవరు, ఒకటి రెండేళ్ల ఒప్పందం మీద ఉన్న ఇరవై ఏళ్ల మణిపూర్ పిల్లాడు, వీళ్లూ ఆ "సిబ్బంది", "ఆటగాళ్లు" అన్న మాటల్లోనే ఉన్నారు. లీగే లేనప్పుడు ఆదాయం ఎక్కడిది అని యజమానులు అడుగుతున్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. మిల్లు ఓనర్లు చెప్పినప్పుడూ ముడిసరుకు ధర నిజమే, గిరాకీ పడిపోవడం నిజమే. నష్టం వచ్చినప్పుడు ముందు ఎవరి కూలి ఆగుతుంది అన్నదే నేను చూసుకుంటాను.

మన హైదరాబాద్ సంగతి ఇంకా ఘోరం. రహీం సాబ్ పుట్టిన ఊరు అది. ఆయన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుతో 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిపించి, 1956లో దేశాన్ని ఒలింపిక్స్ నాలుగో స్థానానికీ, 1962లో ఆసియా క్రీడల బంగారానికీ తీసుకుపోయాడు. మైదాన్ సినిమాలో అజయ్ దేవగణ్ వేసింది ఆయన వేషమే. ఆ ఊళ్లో హైదరాబాద్ ఎఫ్‌సీ అని ఒక క్లబ్బు పెట్టారు, 2022లో కేరళని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ కప్పు కూడా గెలిచింది. తర్వాత ఏడాదికే జీతాల బాకీలు, ఆటగాళ్లు ఒక్కొక్కరూ వదిలి పోవడం. 2025లో ఆ క్లబ్బుని మూట కట్టి ఢిల్లీకి పట్టుకుపోయారు, పేరు కూడా మార్చేశారు. పసుపు చొక్కాలు కొనుక్కున్న గచ్చిబౌలి పిల్లలు ఇప్పుడు ఆ చొక్కాలు ఏం చేసుకోవాలి? ఊరి పేరు పెట్టుకున్న జట్టుని ఊరికి చెప్పకుండా తీసుకుపోవచ్చని నాకు అప్పుడే తెలిసింది. అప్పటి నుంచి కంఠీరవకి పోయినప్పుడల్లా గేటు మీద బోర్డు ఒకసారి చూసుకుంటున్నాను.

నవంబరులో లీగ్ నడపడానికి టెండరు పిలిస్తే ఒక్కరూ రాలేదు. ఆఖరికి ఈ జనవరిలో కేంద్ర క్రీడల మంత్రి చెప్పాడు, ఫిబ్రవరి 14 నుంచి ఆట మొదలని. 14 జట్లు, ఒకరితో ఒకరు ఒక్కసారే, మొత్తం 91 ఆటలు. మామూలుగా ఏడెనిమిది నెలలు సాగే పండగ ఈసారి గబగబా ముగించేస్తారు. మాకు సొంత ఊళ్లో ఆటలు సగానికి పడిపోతాయి. పెర్త్‌లో పుట్టిన మా ర్యాన్ విలియమ్స్ ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదులుకుని భారతీయుడయ్యాడు. లీగే ఉంటుందో లేదో తెలియని రోజుల్లో ఆ పని చేశాడు, అతని ధైర్యానికి దండం పెట్టాలి.

ఛెత్రికి ఇప్పుడు నలభై ఒకటి. ఈ సీజనే చివరిది కావచ్చని గ్యాలరీలో అందరూ అనుకుంటున్నారు. మా ఫ్యాక్టరీలో ఫిబ్రవరి, మార్చి అంటే ఎక్స్‌పోర్టు ఆర్డర్ల ఒత్తిడి, సెలవు అడిగితే మొహం మాడుస్తారు. అయినా రెండో షిఫ్టు మనిషితో ఒప్పందం చేసుకున్నాను, ఆట ఉన్న సాయంత్రాలు అతను నా మిషన్లు చూస్తాడు, బదులుగా ఉగాదికి నేను అతని షిఫ్టు చేస్తాను. మా మేనల్లుడు వెస్ట్ బ్లాక్‌కి రెండు టికెట్లు అన్నాడు. వాళ్లమ్మ ఎప్పుడూ లేంది మూడు తీసుకోమంది.